ల్యాప్‌టాప్ ఇక్కడ కొని తీసుకెళ్లాలా, అమెరికా వెళ్లాక కొనుక్కోవాలా?

జూన్ నెల వచ్చిందంటే మా బంధువుల్లో ఎవరో ఒకరి నుంచి ఈ ఫోన్ వస్తుంది. వీసా స్టాంపింగ్ అయిపోయింది, టికెట్ బుక్ చేశారు, కుక్కర్, పచ్చళ్లు, స్వెటర్లు అంటూ లిస్టు రాసుకుంటున్నారు. ల్యాప్‌టాప్ దగ్గరికి వచ్చేసరికి పెన్ను ఆగిపోతుంది. "అన్నయ్యా, అక్కడ చౌక అంటున్నారు కదా, వెళ్లాక కొనుక్కోమనమంటావా? లేకపోతే ఇక్కడే కొనిచ్చి పంపమంటావా?" డిసెంబరులో ఇదే ప్రశ్న అటు నుంచి ఇటు తిరుగుతుంది: "మీవాడు ఎలాగూ సెలవులకు వస్తున్నాడు కదా, మా చిన్నదానికి ఒక ల్యాప్‌టాప్ తెమ్మని చెప్పవా?"

టెక్సస్‌లో ఆరేళ్లు ఉండి హైదరాబాద్ తిరిగొచ్చాను. రెండు దేశాల్లోనూ కొన్నాను, రెండు వైపులా మోశాను, ఒకసారి గట్టి దెబ్బ కూడా తిన్నాను. ఆ అనుభవంతో చెబుతున్నాను: ఎక్కడ ధర తక్కువ అనేది రెండో ప్రశ్న. వచ్చే రెండు మూడేళ్లు ఆ మెషీన్ ఏ ఊళ్లో ఉంటుంది, పాడైతే ఎవరి దగ్గరికి పట్టుకెళ్తారు అనేది మొదటి ప్రశ్న. ఎక్కడ వాడతారో అక్కడే కొనడం చాలామందికి మంచిది. అందరికీ కాదు. ఎవరికి కాదో కూడా రాస్తాను.

## ముందు చూసుకోవాల్సినవి

### ధర: బోర్డు మీద ఉన్నది కాదు, జేబులోంచి పోయేది

అమెరికాలో షాపులో, వెబ్‌సైట్‌లో కనిపించే ధరలో పన్ను ఉండదు. బిల్లు వేసేటప్పుడు సేల్స్ టాక్స్ కలుపుతారు. మన దగ్గర ల్యాప్‌టాప్‌కు 18% జీఎస్టీ, చూపించే ధరలోనే కలిసి ఉంటుంది. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి "అబ్బో ఎంత తేడా" అనుకోవడం దగ్గరే చాలామంది పొరపాటు పడతారు.

ఒక లెక్క వేద్దాం. అక్కడ 1,000 డాలర్ల ల్యాప్‌టాప్, డాలరు 90 రూపాయలు అనుకుందాం. 90,000 అయింది. డల్లాస్‌లో, హ్యూస్టన్‌లో సేల్స్ టాక్స్ 8.25%. దాంతో 97,425. ఇండియా కార్డుతో కడితే విదేశీ లావాదేవీ మార్కప్ అని బ్యాంకు ఇంకొంత తీసుకుంటుంది. దాన్ని 3% అనుకుంటే లక్షా మూడొందలు దాటుతుంది. అదే మోడల్ ఇక్కడ 1,10,000 అనుకుంటే, మొదట 20,000 అనిపించిన తేడా పదివేల లోపుకి వచ్చేసింది. దసరా, దీపావళి సేల్‌లో బ్యాంకు కార్డు డిస్కౌంట్ దొరికితే ఆ మిగిలిందీ కరిగిపోవచ్చు.

పన్ను రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. ఒరెగాన్, డెలావేర్, న్యూ హాంప్‌షైర్, మోంటానాల్లో సేల్స్ టాక్స్ అసలు లేదు. కాలిఫోర్నియాలో కనీసం 7.25%, ఊరిని బట్టి ఇంకా పెరుగుతుంది. ఫ్లోరిడాలో ఆగస్టులో బడి సామాన్ల మీద ఇచ్చే పన్ను మినహాయింపు 1,500 డాలర్ల లోపు కంప్యూటర్లకూ ఉంది. టెక్సస్‌లో అలాంటి సెలవు బట్టలకు, బ్యాగులకు ఉంది గానీ కంప్యూటర్లకు లేదు. మా తమ్ముడు అది కంప్యూటర్లకు కూడా ఉంటుందనుకుని వారం రోజులు కొనకుండా ఆగాడు.

డాలర్లలో సంపాదించేవాళ్లకు ఈ లెక్క వేరు. యూనివర్సిటీలో అసిస్టెంట్‌షిప్ వచ్చి అక్కడి జీతంతో కొనుక్కునే కుర్రాడికి మార్కప్ ఉండదు, నాన్న పంపిన రూపాయల మీద భారమూ ఉండదు.

### వారంటీ: నేను దెబ్బతిన్నది ఇక్కడే

2019లో సెలవులకు వస్తూ మా పిన్ని కూతురికి ఒక ల్యాప్‌టాప్ తెచ్చాను. తను అప్పుడు విజయవాడ దగ్గర ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. ఇక్కడి ధర కంటే దాదాపు 14,000 తక్కువకు వచ్చింది. ఇల్లంతా సంతోషం. ఎనిమిది నెలలకు మూత కొంచెం ఎక్కువ తెరిస్తే స్క్రీన్ నల్లబడటం మొదలైంది. తొంభై డిగ్రీల దగ్గర ఆపితే కనిపిస్తుంది, ఇంకొంచెం వెనక్కి వంచితే ఆరిపోతుంది. గోడకు ఆనించి, వెనక పుస్తకాలు పెట్టి నెల రోజులు అలాగే వాడింది.

సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లాం. కౌంటర్‌లో అబ్బాయి ల్యాప్‌టాప్ తిరగేసి, కింద స్టిక్కర్ మీదున్న సీరియల్ నంబర్ చూసి కొట్టాడు. ఒకసారి మావైపు చూశాడు, మళ్లీ కొట్టాడు. "ఇది ఇండియా మోడల్ కాదండీ. వారంటీ ఇంకా ఉంది గానీ ఇక్కడ చెల్లదు. డబ్బు కట్టినా ఈ పార్ట్ మా దగ్గర ఉండదు" అన్నాడు. ఆ అబ్బాయి తప్పేమీ లేదు. నేను కొనేముందు ఒక్క పేజీ చదివి ఉంటే తెలిసిపోయేది. చివరికి బయట షాపులో డిస్‌ప్లే మార్పిస్తే 11,000 అయింది. ల్యాబ్ పరీక్షలన్నీ స్నేహితురాలి ల్యాప్‌టాప్ మీద రాసింది. మిగిలిన మూడు వేల కోసం ఆ పిల్ల పడిన టెన్షన్ తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధే.

అందుకే కొనేముందు తెలుసుకోండి. ఆపిల్ మ్యాక్‌బుక్‌లకు ఏడాది వారంటీ చాలావరకు ఏ దేశంలో కొన్నా ఇంకో దేశంలో చెల్లుతుంది. విండోస్ ల్యాప్‌టాప్‌లకు కంపెనీని బట్టి, ఒకే కంపెనీలో మోడల్‌ను బట్టి మారుతుంది. లెనోవోలో చాలా థింక్‌ప్యాడ్‌లకు అంతర్జాతీయ వారంటీ సేవ ఉంటుంది, ఇంటి వాడకం మోడళ్లు చాలావాటికి ఉండదు. డెల్‌లో సర్వీస్ ట్యాగ్‌ను (ల్యాప్‌టాప్ గుర్తింపు నంబర్‌ను) ఒక దేశం నుంచి ఇంకో దేశానికి మార్చమని అడిగే పద్ధతి ఉంది. సమస్య వచ్చాక కాదు, దేశం మారిన వెంటనే అడగాలి. "ఇంటర్నేషనల్ వారంటీ ఉందంటండీ" అని షాపు అబ్బాయి నోటిమాటగా చెప్తే సరిపోదు. కంపెనీ వెబ్‌సైట్‌లో మీ మోడల్ పేరు మీద రాసి ఉండాలి.

ఇంకో సంగతి. వారంటీ చెల్లడం వేరు, రిపేరు జరగడం వేరు. అమెరికాలో అమ్మే కాన్ఫిగరేషన్ కొన్నిసార్లు ఇండియాలో అసలు విడుదల కాదు. అప్పుడు వారంటీ ఉన్నా పార్ట్ బయటి నుంచి రావాలి, వారాలు పడుతుంది.

### తిరిగి ఇచ్చే వీలు

ఇందులో అమెరికాకు సాటి లేదు. ఆపిల్ స్టోర్‌లో 14 రోజులు, బెస్ట్ బై అనే ఎలక్ట్రానిక్స్ షాపులో మామూలుగా 15 రోజులు, కాస్ట్‌కో అనే పెద్ద స్టోర్‌లో 90 రోజులు. కారణం కూడా పెద్దగా అడగరు. వారం వాడి, ఫ్యాన్ చప్పుడు ఎక్కువగా ఉందనిపిస్తే వెనక్కి ఇచ్చేయవచ్చు. మన దగ్గర బాక్సు తెరిచిన ల్యాప్‌టాప్‌ను "నచ్చలేదు" అంటే తీసుకోవడం అరుదు. లోపం ఉందని తేలితే మార్చి ఇస్తారు, అదీ కొద్ది రోజుల్లోపే. కాబట్టి ఇక్కడ కొనేవాళ్లు షాపుకు వెళ్లి, కీబోర్డు మీద నాలుగు లైన్లు టైప్ చేసి, స్క్రీన్‌ను పక్కల నుంచి చూసి మరీ కొనాలి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు ఒక పూట కేటాయిస్తే ఎన్నో మోడళ్లు చేత్తో పట్టుకుని చూడొచ్చు.

### కరెంటు, ప్లగ్గు, కీబోర్డు

అందరూ ఎక్కువగా భయపడేది దీనికి. నిజానికి భయపడాల్సింది దీనికి కాదు. మన ఇళ్లలో 230 వోల్టులు, అమెరికాలో 120. మీ ఛార్జర్‌కు ఇటుకలా ఉండే డబ్బా మీద సన్నటి అక్షరాల్లో ఇన్‌పుట్ అని ఉన్న లైను చదవండి. 100 నుంచి 240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని ఉంటే రెండు దేశాల్లోనూ పనిచేస్తుంది. ల్యాప్‌టాప్ ఛార్జర్లన్నీ దాదాపు ఇలాగే ఉంటాయి. మారాల్సింది ప్లగ్గు ఒక్కటే. ఆ డబ్బాకు, గోడకు మధ్య ఉండే వైరు ఊడి వస్తుంది. ఆ వైరు ఒక్కటి అక్కడ కొనుక్కుంటే చాలు, బరువైన కన్వర్టర్ అక్కర్లేదు.

కీబోర్డు విషయంలో అమెరికాకు, మనకు తేడా లేదు. ఇక్కడ అమ్మేవాటిలో కొన్నింటికి 4 అంకె మీద రూపాయి గుర్తు ఉంటుంది, అంతే. జర్మనీ వెళ్లేవాళ్లు మాత్రం ఆలోచించాలి. అక్కడి కీబోర్డు మీద వై, జెడ్ అక్షరాలు చోటు మార్చుకుని ఉంటాయి. కోడ్ రాసేవాళ్లకు వాడే బ్రాకెట్లు కూడా వేరే చోట ఉంటాయి. ఫ్రాన్స్‌లో ఇంకా మారిపోతుంది. బ్రిటన్‌లో ఎంటర్ బటన్ ఆకారం, కొటేషన్ గుర్తు, అట్ గుర్తు మారతాయి, వారంలో అలవాటైపోతుంది. గల్ఫ్ దేశాల్లో కొంటే ఇంగ్లిష్ పక్కనే అరబిక్ అక్షరాలు కూడా అచ్చై ఉంటాయి, వాడకానికి ఇబ్బందేమీ ఉండదు.

## మూడు దారులు, పక్కపక్కన

| చూడాల్సింది | ఇక్కడ కొని తీసుకెళ్లడం | అక్కడికి వెళ్లాక కొనడం | అక్కడి నుంచి ఇక్కడికి తెప్పించడం |
|---|---|---|---|
| పన్ను | 18% జీఎస్టీ ధరలోనే | రాష్ట్రాన్ని బట్టి, బిల్లులో అదనం | అమెరికా టాక్స్; 18 నిండినవారికి ఒక ల్యాప్‌టాప్‌పై ఇండియాలో సుంకం లేదు |
| వారంటీ | అంతర్జాతీయమైతేనే అక్కడ చెల్లుతుంది | పూర్తిగా చెల్లుతుంది | అంతర్జాతీయమైతేనే ఇక్కడ చెల్లుతుంది |
| తిరిగి ఇవ్వడం | కష్టం | సులువు | వారం, రెండు వారాల్లో విమానం ఎక్కితే వీలుకాదు |
| చదువు లోన్‌లో కలపడం | కుదురుతుంది | బ్యాంకును అడగాలి | వర్తించదు |
| మొదటి వారం చేతిలో మెషీన్ | ఉంటుంది | ఉండకపోవచ్చు | వర్తించదు |

### ఇక్కడ కొని తీసుకెళ్లడం

దీని బలం ధరలో లేదు, తేలికలో ఉంది. దిగిన రోజు నుంచే పని మొదలుపెట్టవచ్చు. ఆ మొదటి పది రోజులు ఎలా ఉంటాయో వెళ్లినవాళ్లకు తెలుసు. ఇల్లు, బ్యాంకు ఖాతా, సిమ్, కోర్సుల రిజిస్ట్రేషన్, ఓరియెంటేషన్, ఇవన్నీ ఒకేసారి. వీటిలో సగం పనులు ఆన్‌లైన్‌లోనే. ఫోన్ తెర మీద ఆ ఫారాలు నింపడం నరకం.

ఎడ్యుకేషన్ లోన్ తీసుకున్నవాళ్లు ఒక విషయం గుర్తుపెట్టుకోవాలి. చదువుకు అవసరమైన కంప్యూటర్ కొనుగోలును కూడా బ్యాంకులు లోన్ ఖర్చుల్లో చూపించనిస్తాయి. ఇక్కడ కొని, విద్యార్థి పేరు మీద జీఎస్టీ బిల్లు తీసుకుంటే పని సులువు. లోన్ శాంక్షన్ కాకముందే మేనేజర్‌ను అడగండి, తర్వాత చేర్పించడం తలనొప్పి. కాకపోతే అది కూడా వడ్డీతో కట్టాల్సిన డబ్బే అని మరిచిపోవద్దు.

ఇక్కడ అమ్మే చాలా విండోస్ ల్యాప్‌టాప్‌లలో ఆఫీస్ సాఫ్ట్‌వేర్ కూడా వేసి ఇస్తారు. అక్కడ చాలా యూనివర్సిటీలు విద్యార్థులకు దాన్ని ఉచితంగానే ఇస్తాయి, కాబట్టి దాని కోసం ఎక్కువ డబ్బు పెట్టొద్దు.

### అక్కడికి వెళ్లాక కొనడం

ఫాల్ సెమిస్టర్‌కు వెళ్లేవాళ్లు ఆగస్టు మొదట్లో దిగుతారు. సరిగ్గా అప్పుడే అక్కడ స్కూళ్లు తెరిచే సీజన్ డిస్కౌంట్లు నడుస్తుంటాయి. విద్యార్థి ధరలు వేరుగా ఉంటాయి. అంతకన్నా ముఖ్యం, ఏం కొనాలో అక్కడికి వెళ్లాకే స్పష్టంగా తెలుస్తుంది. మెకానికల్, సివిల్ వాళ్లకు కావాల్సిన సాలిడ్‌వర్క్స్, రెవిట్ లాంటివి విండోస్ కోసమే తయారైనవి. మెరుస్తోంది కదా అని మ్యాక్‌బుక్ కొనుక్కెళ్లి ఇబ్బంది పడ్డవాళ్లను చూశాను. మెషీన్ లెర్నింగ్ చదివేవాళ్లు గ్రాఫిక్స్ కార్డు ఉన్న బరువైన గేమింగ్ ల్యాప్‌టాప్ కొని, తీరా వెళ్లాక పెద్ద పనులన్నీ యూనివర్సిటీ సర్వర్ల మీదే జరుగుతాయని తెలుసుకుంటారు. డిపార్ట్‌మెంట్ వెబ్‌సైట్‌లో చూడండి, సీనియర్లను అడగండి.

డబ్బు తక్కువున్నవాళ్లకు అక్కడ ఇంకో దారి ఉంది. ఆపిల్ తన సొంత వెబ్‌సైట్‌లో రీఫర్బిష్డ్ మ్యాక్‌లు, అంటే వెనక్కి వచ్చినవాటిని బాగుచేసి, అమ్ముతుంది, కొత్తదానికి ఇచ్చే ఏడాది వారంటీనే వాటికీ ఇస్తుంది. బెస్ట్ బైలో ఎవరో కొని తిరిగిచ్చినవి ఓపెన్ బాక్స్ పేరుతో తగ్గించి పెడతారు. నేను మొదటి రెండేళ్లు వాడింది అలాంటిదే, బాక్సు మూల చిరిగి ఉండటం తప్ప దానికి ఏ లోపమూ లేదు.

నవంబరు నాలుగో గురువారం మరునాడు వచ్చే బ్లాక్ ఫ్రైడే దాకా ఆగమని చాలామంది సలహా ఇస్తారు. ఒక సెమిస్టర్ మొత్తం ల్యాప్‌టాప్ లేకుండా గడపాలి అంటే నేను ఒప్పుకోను. ఇంట్లో పాతది ఉంటే దాన్ని పట్టుకెళ్లి ఆగండి, బాగుంటుంది.

ఇక్కడ లోటు కూడా చెప్పాలి. మన దగ్గర చాలా కంపెనీల వారంటీలో ఇంజనీరు ఇంటికొచ్చి బాగుచేస్తాడు. అక్కడ మామూలు మోడళ్లకు చాలాసార్లు ల్యాప్‌టాప్‌ను ప్యాక్ చేసి పంపి, వచ్చేదాకా ఎదురుచూడాలి. వారంటీ అయిపోయాక రిపేరు కూలి గట్టిగానే ఉంటుంది. ఇక్కడ మూతను పట్టి ఉంచే హింజ్ విరిగితే సందు చివర షాపులో బాగుచేస్తారు, అక్కడ దానికయ్యే డబ్బుకు పాతది ఇంకొకటి వస్తుంది.

### అక్కడి నుంచి తెప్పించుకోవడం

మన కస్టమ్స్ నిబంధనల ప్రకారం 18 ఏళ్లు నిండిన ప్రయాణికుడు ఒక ల్యాప్‌టాప్‌ను సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. మామూలు సామాన్లకు ఇచ్చే ఉచిత పరిమితికి ఇది అదనం. ఇక్కడే చిక్కు. మీకోసం తెచ్చే అన్నయ్య చేతిలో ఇప్పటికే తన ఆఫీసు ల్యాప్‌టాప్ ఒకటి ఉంటుంది. రెండోది మామూలు పరిమితి లెక్కలోకి వస్తుంది, దాటితే సుంకం కట్టాలి. శంషాబాద్‌లో తెల్లవారుజామున నిద్రమొహంతో దిగినవాణ్ణి ఆ పరిస్థితిలో పెట్టకండి.

పిల్లల దగ్గర ఆర్నెల్లు ఉండి తిరిగొచ్చే అమ్మానాన్నలతో పంపితే ఇద్దరి చేతిలో చెరొకటి తేవచ్చు. అయితే వాళ్లకు అదేమిటో, ఎంతకు కొన్నారో చెప్పి, బిల్లు ప్రింటు చేతికివ్వండి. చెక్-ఇన్ సూట్‌కేసులో వేయొద్దని గట్టిగా చెప్పండి. బ్యాటరీ ఉన్న వస్తువు చేతిసంచిలో ఉండటమే క్షేమం.

నా మట్టుకు నేను ఇప్పుడు ఇలా మ్యాక్‌బుక్ అయితేనే తెప్పిస్తాను, అదీ తేడా కనీసం 20,000 ఉంటేనే. విండోస్ ల్యాప్‌టాప్ అయితే ఆ మోడల్‌కు ఇండియాలో వారంటీ ఉందని రాతపూర్వకంగా చూస్తే తప్ప ఒప్పుకోను.

డెస్క్‌టాప్ గురించి అడిగేవాళ్లకు ఒక్కమాట: మోసుకు తిరగొద్దు. కొన్ని పవర్ సప్లైల వెనక 115, 230 అని చిన్న ఎర్ర స్విచ్ ఉంటుంది. అమెరికాలో 115 మీద పెట్టినదాన్ని అలాగే తెచ్చి మన ప్లగ్గులో పెడితే ఠప్ మని పేలుతుంది.

## మీరు ఏ కోవలో ఉన్నారు?

ఎంఎస్‌కు వెళ్తున్నారు, ఇంట్లో పనిచేసే పాత ల్యాప్‌టాప్ ఉంది: దాన్ని పట్టుకెళ్లండి, అక్కడ కొనండి. సందేహం అక్కర్లేదు.

ఎంఎస్‌కు వెళ్తున్నారు, అసలు ల్యాప్‌టాప్ లేదు: చేతిలో డాలర్లు తక్కువ, లోన్ ఇక్కడిది అయితే ఇక్కడే కొనండి, కానీ మ్యాక్‌బుక్ లేదా అంతర్జాతీయ వారంటీ ఉన్న మోడల్ మాత్రమే. వెళ్లేచోట దిగిన మర్నాడే షాపుకు తీసుకెళ్లే రూమ్మేట్లు ఉంటే అక్కడ కొనుక్కోవచ్చు.

ఉద్యోగం మీద వెళ్తున్నారు: చాలా కంపెనీలు ల్యాప్‌టాప్ ఇస్తాయి. వెళ్తున్నాం కదా అని కొత్తది కొనకండి. రెండు నెలలు ఆగితే మీకు సొంతది అవసరమో లేదో తెలిసిపోతుంది.

ఇక్కడ ఇంజనీరింగ్ చదివే పిల్లలకు కొంటున్నారు: ఇక్కడే కొనండి. హాస్టల్లో ల్యాప్‌టాప్ పడిపోతుంది, దాని మీద టీ ఒలుకుతుంది. ప్రమాదవశాత్తు జరిగే నష్టానికి కంపెనీ ఇచ్చే అదనపు ప్లాన్ కూడా తీసుకోండి. అమెరికాలో మామయ్య ఉన్నంత మాత్రాన నిర్ణయం మారకూడదు.

జర్మనీ, బ్రిటన్ వెళ్తున్నారు: ఇక్కడ నా సలహా కొంచెం మారుతుంది. జర్మనీ ధరల్లో 19%, బ్రిటన్ ధరల్లో 20% పన్ను కలిసే ఉంటుంది, చౌకేమీ కాదు. జర్మనీకైతే కీబోర్డు కోసమైనా ఇక్కడ కొనుక్కెళ్లడం మంచిదే. అక్కడ కొంటే లోపాలకు రెండేళ్లపాటు అమ్మినవాడిదే బాధ్యత, ఆ చట్టం కొనుగోలుదారుకు పెద్ద అండ. ఆ రెండింటిలో మీకు ఏది ముఖ్యమో చూసుకోండి.

## ఇక్కడ కొని తీసుకెళ్లేవాళ్లు ప్రయాణానికి ముందు

కనీసం మూడు వారాల ముందు కొనండి. లోపం ఉంటే ఆ రోజుల్లోనే బయటపడుతుంది, మార్పించుకునే సమయం ఉంటుంది. ప్రయాణానికి రెండు రోజుల ముందు కొని, స్క్రీన్ మీద గీతతో విమానం ఎక్కినవాళ్లు నాకు తెలుసు. రోజుకు నాలుగైదు గంటలు వాడండి, వీడియో కాల్ చేసి చూడండి, అన్ని పోర్టుల్లో పెన్‌డ్రైవ్ పెట్టి చూడండి.

కంపెనీ వెబ్‌సైట్‌లో మీ పేరుతో రిజిస్టర్ చేయండి. ఖరీదైనది అయి, ఏడాది రెండేళ్లలో తిరిగి తెచ్చే ఉద్దేశం ఉంటే బయల్దేరేటప్పుడు విమానాశ్రయంలో కస్టమ్స్ వాళ్ల దగ్గర ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకోవచ్చు. వచ్చేటప్పుడు ఇది ఇక్కడి నుంచి తీసుకెళ్లినదేనని చూపించడానికి పనికొస్తుంది. దానికోసం ఒక గంట ముందే వెళ్లండి.

ఆఖరుగా ల్యాప్‌టాప్ తిరగేసి, సీరియల్ నంబర్ స్టిక్కర్‌కు ఫోన్‌తో ఫొటో తీయండి. బిల్లుకు కూడా తీయండి. రెండూ మీ మెయిల్‌కు, నాన్నగారి వాట్సాప్‌కు పంపించి ఉంచండి.